ఊరి పేరులో అతుకు

జగ్గయ్యపేట అన్న పేరును ముక్కలుగా విడగొట్టి చెప్పమంటే బడికి వెళ్ళే పిల్లవాడు జ, గ్గ, య్య, పే, ట అంటాడు. పలక మీద రాసే వరుస అదే కాబట్టి అందులో తప్పేమీ లేదు. ఇప్పుడు రాత సంగతి పక్కన పెట్టండి. పొలానికి అవతల ఉన్న మనిషికి వినబడేలా అదే పేరును సాగదీసి కేకేయండి. జగ్... గయ్... య... పే... ట అని వస్తుంది. రాతలో రెండో అక్షరంలో ఉన్న మొదటి గకారం నోట్లో మొదటి ముక్క చివరకు చేరింది. అదే ఊరి మనిషిని పేరుకు అర్థం ఏమిటని అడిగితే మూడో రకంగా విడగొడతాడు: జగ్గయ్య, పేట. అంటే ఒకే పేరును చెయ్యి ఒకచోట, నోరు మరోచోట, అర్థం ఇంకోచోట కోస్తున్నాయి. ఈ మూడు కోతలు ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ కలవవు, కలవనప్పుడు భాష ఏం చేస్తుంది అన్నదే ఈ అధ్యాయం.

ముందు నోటి సంగతి చూద్దాం. పప్పు అని నెమ్మదిగా పలికి, పెదవుల మీద ధ్యాస పెట్టండి. పెదవులు ఒకసారి మూసుకుంటాయి, కాసేపు అలాగే ఉండి, ఒక్కసారే తెరుచుకుంటాయి. రెండు పకారాలు రాస్తున్నాం కదా అని పెదవులు రెండుసార్లు మూసుకోవు. మూసుకునే క్షణంలో మొదటి ముక్క పూర్తవుతుంది, తెరుచుకునే క్షణంలో రెండోది మొదలవుతుంది. పప్పులో ద్విత్వం అంటే ఆ మధ్యలో పట్టి ఉంచిన నిశ్శబ్దం. నోటి ఈ ముక్కను భాషాశాస్త్రంలో సిలబుల్ అంటారు. తెలుగులో దానికీ రాతలోని గుర్తుకూ కూడా అక్షరం అన్న మాటే వాడుతూ వచ్చాం. ఇక్కడ గందరగోళం లేకుండా నోటి ముక్కను సిలబుల్ అనీ, రాసే గుర్తును అక్షరం అనీ అందాం.

రాత ఒకలా, నోరు ఒకలా పోతున్న సంగతి మన ఛందస్సు కట్టినవాళ్ళకు బాగా తెలుసు. బడిలో అందరం బట్టీ పట్టిన సూత్రం ఇది: ద్విత్వానికీ సంయుక్తానికీ ముందున్న అక్షరం గురువు. జగ్గయ్యలో జ హ్రస్వమే అయినా గురువు ఎందుకైంది? వెనక వచ్చే గ్గలోని మొదటి సగం నోట్లో జకే చెందుతుంది కాబట్టి. జగ్ అనడానికి జా అన్నంత సమయం పడుతుంది. సూత్రం అక్షరాల భాషలో చెప్పారు గానీ, అది కొలిచేది సిలబుల్ బరువునే. ఆ లెక్కన జగ్గయ్య గురువు, గురువు, లఘువు, అంటే త గణం. పేట గలం.

ఆ పక్కనే ఉన్న నందిగామకు వస్తే సంగతి ఇంకా శుభ్రంగా ఉంటుంది. నం, ది, గా, మ: గురువు, లఘువు, గురువు, లఘువు. నంది ఒక గలం, గామ ఒక గలం. ఇక్కడ రాతలో కోసినా, నోటితో కోసినా, అర్థంతో కోసినా కత్తి ఒకేచోట పడుతుంది. కారణం సున్న. సిలబుల్‌ను మూసే హల్లును తెలుగు లిపి మామూలుగా తర్వాతి అక్షరానికి అప్పగిస్తుంది. సున్న మాత్రం తన సిలబుల్ దగ్గరే నిలబడుతుంది. నంది అన్న పేరును సున్న లేకుండా నకారానికి దకారం ఒత్తుగా పెట్టి రాస్తే, అది కూడా జగ్గయ్య దారిలోనే పోయేది. పిల్లలకు గుణింతాలు నేర్పేటప్పుడు సున్నను చివరన ఒక గుర్తుగా చూపించి వదిలేస్తాం. దాని గొప్ప ఇది అని చెప్పే పుస్తకం ఒక్కటైనా బడిలో ఉంటే బాగుండును.

ఈ ద్విత్వం సమస్యను ఇదే నేల మీద ఒకప్పుడు వేరే విధంగా తేల్చుకున్నారు. జగ్గయ్యపేట పక్కన ధనబోడు గుట్ట మీదున్న బౌద్ధ స్తూపం అవశేషాల గురించి జేమ్స్ బర్జెస్ 1887లో, అమరావతి స్తూపంతో కలిపి, పెద్ద గ్రంథం వెలువరించాడు. అక్కడ దొరికిన ఆయక స్తంభాల శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరానిది, అంటే క్రీస్తుశకం 3వ శతాబ్దానిది. సిద్ధార్థుడనే శిల్పి మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర 5 ఆయక స్తంభాలు నిలిపాడని అది చెబుతుంది. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. ఆ శిల్పి పేరు అందులో సిధథ అని ఉంటుంది. బుద్ధుడి పేరు బుధ అని ఉంటుంది. పలికేది రెండు దకారాల బరువుతోనే. చెక్కింది మాత్రం ఒక్క హల్లే. ఆ కాలపు ప్రాకృత శాసనాల్లో ద్విత్వాన్ని ఒంటి హల్లుతో రాయడం మామూలు అలవాటు. సిలబుల్‌ను మూసే హల్లు ముందు అక్షరానిదా తర్వాతి అక్షరానిదా అన్న పేచీ వాళ్ళకు లేదు. చదివేవాడు నోటితో పూరించుకుంటాడు.

ఆ రాతి మీద మరో విశేషం ఉంది. మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేదు. మహాచేతియ, పువదార, ఆయకఖంభ, హితసుఖ వంటి సమాసాలన్నీ ఒకే వరుసలో సాగిపోతాయి. పువదార అంటే పూర్వద్వారం, తూర్పు వాకిలి. అందులో పువ ఎక్కడ ఆగి దార ఎక్కడ మొదలవుతుందో చూపించే గీత గానీ చుక్క గానీ లేదు. సమాసంలో అతుకును చూపించే పని రాత తన మీద పెట్టుకోలేదు. ఆ శాసనంలోనే ఊరికి వాడిన మాట గామ. సంస్కృతంలోని గ్రామంలో రేఫ జారిపోతే వచ్చే ప్రాకృత రూపం అది. ఇవాళ నందిగామ చివర ఉన్నది అదే. నోటి తెలుగులో గామ అన్నది విడిగా బతికి లేదు. మా గామకు రండి అని ఎవరూ పిలవరు. విడిగా చచ్చిపోయిన మాట సమాసంలో రెండో పదంగా నిలిచి ఉంది. ఊరి పేర్లను పోగుచేసేవాళ్ళకు నిధి ఇక్కడే ఉంటుంది.

ఇక అర్థం చేసే కోత. రెండు పదాలు కలిసి ఒక నామం అయితే దాన్ని సమాసం అంటాం. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సమాసాలను సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రం అని మూడుగా విభజించాడు. నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్ళ జాబితా ఆ విభజనకు తయారుచేసిపెట్టిన ఉదాహరణల పట్టీ. జయంతిపురం, వేదాద్రి పూర్తిగా సంస్కృతం. వేద, అద్రి కలిసినచోట రెండు అకారాలూ ఒక దీర్ఘం అయ్యాయి. గరికపాడు, బలుసుపాడు, జొన్నలగడ్డ అచ్చ తెలుగు. వీరులపాడు మిశ్రం. షేర్‌మహమ్మద్‌పేటకు మాత్రం సూరి పట్టికలో గడి లేదు. ఆ పేరులో ముందుభాగం పారసీ, అరబ్బీ నుంచి వచ్చింది, చివరిది పేట. వ్యాకరణం గడి కట్టకముందే జనం పేరు కట్టేశారు, అది హాయిగా నిలిచింది. భాషలో సమాసం కట్టే శక్తి పండితుడి అనుమతితో పుట్టింది కాదనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు కనబడలేదు.

ఈ పేర్లన్నిటిలో ఒక పోలిక ఉంది. ఏ జాతి వస్తువో చెప్పే మాట చివరన ఉంటుంది. జగ్గయ్యపేట ఒక పేట, జగ్గయ్య కాదు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 18వ శతాబ్దం చివరి రోజుల్లో తన తండ్రి పేరు మీద కట్టించిన ఊరు ఇది. తండ్రి పేరు విశేషణం, పేట విశేష్యం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పేరు కుదించి పేటకు వెళ్ళొస్తాను అంటారు. జగ్గయ్యకు వెళ్ళొస్తాను అని మాత్రం ఎవరూ అనరు. కుదింపు కూడా అతుకు దగ్గరే జరుగుతుంది. పేరు గయ్యపేట అనో, య్యపేట అనో ఎప్పుడూ తెగదు. అతుకు కంటికి కనబడకపోయినా మాట్లాడేవాళ్ళ బుర్రలో భద్రంగా ఉందనడానికి ఇది రుజువు.

ఇప్పుడు దూరదేశం ఒకటి చూద్దాం. నార్వే భాషకూ తెలుగుకూ చుట్టరికం లేదు. అయినా సమాసం విషయంలో రెండూ పక్కపక్కన కూర్చోదగ్గవి. అక్కడా ప్రధానమైన మాట చివరనే ఉంటుంది. అక్కడా సమాసాన్ని కలిపి రాయడం నియమం. మన గురువు, లఘువుల లెక్క అక్కడి మాటలకు పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ భాషలో ఊనిక పడిన సిలబుల్ గురువుగానే ఉంటుంది. అచ్చు దీర్ఘమైనా కావాలి, వెనక హల్లు అయినా సాగాలి. తాక్ అని అచ్చు సాగితే ఇంటి పైకప్పు. తక్క్ అని హల్లు సాగితే కృతజ్ఞత. హల్లు సాగిందని చూపడానికి రాతలో ఆ హల్లును రెండుసార్లు వేస్తారు.

ఇక్కడే వాళ్ళకు చిక్కు వచ్చింది. బస్సును ఆ భాషలో బుస్ అంటారు, రాతలో చివర రెండు సకారాలు. ఆగడానికి మాట స్టొప్, మొదట ఒక సకారం. రెండూ కలిసి బస్సు ఆగేచోటు అనే సమాసం అయితే వరుసగా మూడు సకారాలు రావాలి. మూడు రాయడం వాళ్ళకు ఇష్టం లేదు, రెండే రాస్తారు. మరి ఆ మాట పంక్తి చివర పట్టక విరగ్గొట్టాల్సి వస్తే? మింగేసిన సకారం తిరిగి వస్తుంది. పై పంక్తిలో రెండు సకారాలతో బుస్, కింది పంక్తిలో సకారంతో మొదలయ్యే స్టొప్. కొండ బతుకు అనే అర్థంలో ఫ్యెల్, లీవ్ అన్న మాటలు కలిసినా ఇదే తీరు: కలిపి రాస్తే రెండు లకారాలు, విరిస్తే మూడు. జర్మన్లు 1996 నాటి వర్ణక్రమ సంస్కరణలో ఇలాంటి చోట మూడు హల్లులూ రాసేయాలని తేల్చేశారు. నాకు నార్వే పద్ధతే నచ్చుతుంది. మాట ఒకటిగా ఉన్నప్పుడు ఒకటిగా కనబడుతుంది, విరిగినప్పుడు ఏ రెండు పదాలతో పుట్టిందో ఒప్పుకుంటుంది.

నార్వేవాళ్ళు సమాసాన్ని విడదీసి రాయడాన్ని తప్పుగా పట్టేది ఊరికే కాదు. లమ్మెలోర్ అని కలిపి రాస్తే గొర్రెపిల్ల తొడ మాంసం. లమ్మె, లోర్ అని విడదీస్తే పక్షవాతం వచ్చిన తొడలు. పలకడంలోనూ తేడా ఉంది. సమాసానికి ఒకే ప్రధాన ఊనిక, ఒకే స్వరం. విడిపదాలకు దేని ఊనిక దానిదే.

మనకూ ఇలాంటి జంటలు కొల్లలు. మంచినీళ్ళు తాగే నీళ్ళు, అవి మురికివైనా మంచినీళ్ళ చెరువే అంటాం. మంచి నీళ్ళు అంటే బాగున్న నీళ్ళు. నల్లమందు అభిని. నల్లటి మందు అంటే నల్లగా ఉన్న ఏ మందైనా కావచ్చు. మధ్యలో టి అన్న చిన్న ప్రత్యయం దూరగానే సమాసం చెదిరిపోతుంది. ఒక జంట సమాసమా కాదా అని తేల్చుకోవాలంటే ఇదే పరీక్ష పెట్టండి. మధ్యలో మరో మాట దూరిస్తే పాత అర్థం నిలిచిందా లేదా చూడండి. మంచి చల్లటి నీళ్ళు అన్నప్పుడు మంచినీళ్ళు మాయమవుతాయి.

నార్వే భాష అతుకును రాతలో కాపాడితే, తెలుగు అతుకును శబ్దంలో గుర్తు పెడుతుంది. ఆ గుర్తుల్లో మొదటిది ముందు పదం చివర మారడం. ఇల్లు సమాసంలో ఇంటి అవుతుంది, ఇంటిపేరు. రాయి రాతి అవుతుంది, రాతిగోడ. బహువచనమైతే ల చేరుతుంది. వీరులపాడులో వీరులు వీరుల అయింది. నందిగామ పక్కనున్న కేతవీరునిపాడులో ఏకవచనం వీరుని అయింది. ఈ ని, ల కనబడగానే ముందు పదం ఇక్కడితో సరి అని చెవి పట్టేస్తుంది. నార్వే భాషలోనూ సమాసం మధ్యలో ఒక సకారమో ఎకారమో చేరుతుంటుంది. పాత షష్ఠీవిభక్తి సకారం అక్కడ అతుకుగా మిగిలింది. అర్‌బైడ్స్‌ప్లస్ అంటే పనిచేసే చోటు. అందులో మధ్యనున్న సకారాన్ని పంక్తి విరిచేటప్పుడు ముందు పదంతోనే ఉంచుతారు. మన వీరుల కూడా ముందు పదంతోనే ఉంటుంది, వీరు-లపాడు అని ఎవరికీ తోచదు.

రెండో గుర్తు పరుషం మెత్తబడటం. క, చ, ట, త, ప లతో మొదలయ్యే పదం సమాసంలో రెండోదైతే చాలాచోట్ల గ, స, డ, ద, వ లుగా మారుతుంది. కల్లు అంటే రాయి అన్న పాత మాట, ఓరుగల్లులో గల్లు అయింది. పెనుగంచిప్రోలు పేరును చూడండి. పెను అంటే పెద్ద. దాని తర్వాత కంచి గంచి అయింది. ఆ పైన ప్రోలు అంటే పట్టణం. మూడు పదాల సమాసం, రెండు అతుకులు, మొదటి అతుకు మెత్తబడింది, రెండోది గట్టిగానే ఉంది.

ప్రోలు గురించి కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇంత చిన్న ప్రాంతంలో ఇంత చరిత్రను మోస్తున్న మాట మరొకటి లేదు. జగ్గయ్యపేటకు పాత పేరు బేతవోలు. అందులోని వోలు కూడా ప్రోలే. అతుకు దగ్గర పకారం వకారం అయింది, వ్రోలు అయింది, రేఫ జారి వోలు మిగిలింది. గోదావరి దగ్గరి నిడదవోలులోనూ ఇదే జరిగింది. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో మాత్రం పకారమూ రేఫా రెండూ చెక్కు చెదరలేదు. తెలుగు నోట్లో మాట మొదటి సంయుక్తంలోని రేఫ ఎప్పుడో పోయింది. క్రింద కింద అయింది, ప్రొద్దు పొద్దు అయింది, మ్రాను మాను అయింది, బ్రతుకు బతుకు అయింది. ప్రోలు విడిగా బతికి ఉంటే అదీ పోలు అయ్యేది. ఊరి పేరులో బందీ అయ్యింది కాబట్టి పాత రూపం నిలిచింది. ఒకే మాట, పక్కపక్క మండలాలు, రెండు వయసుల రూపాలు.

నార్వేలో బెర్గెన్ పట్టణం కథ కూడా బేతవోలు కథే. దాని పాత పేరు బ్యోర్గ్‌విన్. విన్ అంటే పచ్చిక బయలు. రెండో పదం అరిగి అరిగి ఎన్ అన్న తోకగా మిగిలింది. విడిగా వాడుకలో లేని మాట కావడంతో దాన్ని పట్టి నిలబెట్టేది ఏమీ లేకపోయింది.

మరి గరికపాడు, బలుసుపాడు, తక్కెళ్ళపాడు, చందర్లపాడు, వీరులపాడు వీటన్నిటిలో పకారం ఎందుకు మెత్తబడలేదు? చిల్లకల్లులో కకారం ఎందుకు గట్టిగా ఉంది? నా అభిప్రాయం చెబుతాను. రెండో పదాన్ని జనం ఇంకా విడి మాటగా గుర్తుపడుతున్నంత కాలం అతుకు గట్టిగా ఉంటుంది. పదుల కొద్దీ ఊళ్ళకు చివర పాడు ఉన్నప్పుడు, ఒక్కో పేరూ మిగతా పేర్లలోని పాడును గుర్తుచేస్తూ కాపాడుతుంది. ఒంటరిగా పడిన ప్రోలుకు ఆ తోడు లేదు. అరుగుదల శబ్దసూత్రం ఒక్కదాని పని కాదు, జ్ఞాపకానికీ అందులో వాటా ఉంది.

జ్ఞాపకం వదిలేస్తే శబ్దం ఎంత దూరం పోతుందో వంటింట్లో కనబడుతుంది. వంగ మొక్కకు కాసే కాయ వంగకాయ కావాలి, కానీ వంకాయ అంటాం. మునగ చెట్టుది మునగకాయ. నోట్లో అది మునక్కాయ. ఇక్కడ జరిగింది చూడండి. మొదట ము, న, గ, కా, య అని ఐదు సిలబుళ్ళు. మధ్యలో ఊనిక లేని గలోని అకారం రాలిపోయింది. మిగిలిన గకారం వెనకున్న కకారాన్ని తాకి తానూ కకారం అయింది. రెండూ కలిసి ద్విత్వం అయ్యాయి. ఇప్పుడు ము, నక్, కా, య, నాలుగే. లఘువులు వరుసగా ఉన్నచోట ఒక గురువు పుట్టింది, అతుకు సరిగ్గా ఆ ద్విత్వం నడిమధ్యన పడింది. నక్ దగ్గర మునగ అయిపోతుంది, కా దగ్గర కాయ మొదలవుతుంది. నోటి కోత, అర్థం కోత ఇక్కడ ఒకటే. రాత కోత ఒక్కటే తేడా, ము, న, క్కా, య అని అది కకారాలు రెండింటినీ కాయకే ఇచ్చేస్తుంది. నందిగామ దగ్గరి మునగచర్ల పేరులో అదే మునగ ఉన్నా, అక్కడ అకారం రాలలేదు. కాగితం మీద రోజూ రాసే పేరు కూరగాయ పేరంత తొందరగా అరగదు.

ఇంత చెప్పింది ఒక ఆచరణ విషయం కోసం కూడా. తెలుగు అచ్చులో పంక్తి చివర మాట పట్టకపోతే ఏ అక్షరం దగ్గరైనా విరిచేస్తున్నాం. వార్తాపత్రికల సన్నటి వరుసల్లో జగ్గ అని పైన, య్యపేట అని కింద పడితే చదివేవాడి చూపు తడబడుతుంది. య్య అన్న అక్షరంతో తెలుగులో ఏ మాటా మొదలు కాదు. దాన్ని పంక్తి మొదట్లో చూడటం కంటికి అలవాటు లేదు. అక్షరాల లెక్కతో విరిచే యంత్రానికి అతుకు తెలియదు, నేర్పాలి. నేర్పడం కష్టమేమీ కాదు. పేట, పాడు, పురం, పల్లి, పాలెం, చర్ల, గడ్డ, ప్రోలు వంటి రెండో పదాల పట్టీ ఒకటి ఇచ్చి, వాటి ముందు విరవమంటే సగం పని అయిపోతుంది. బోర్డుల మీద ఊరి పేర్లను విడదీసి రాయడం రెండో తప్పు. పెనుగంచి వేరుగా ప్రోలు వేరుగా రాస్తే, ప్రోలు అన్నది వేరే ఊరేమో అని కొత్తవాడు అనుకుంటాడు. కంప్యూటర్‌లో వెతికితే ఆ పేరు దొరకదు. సమాసం ఒక మాట, దాన్ని ఒక మాటగానే రాయాలి.

2022 ఏప్రిల్ నుంచి ఈ మండలాలు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. జిల్లా మారినప్పుడల్లా రికార్డుల్లో ఊరి పేర్లు మళ్ళీ రాస్తారు. రాసినప్పుడల్లా కొన్ని విడిపోతాయి, కొన్ని ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్ళి తిరిగి వచ్చేసరికి దీర్ఘాలూ ద్విత్వాలూ పోగొట్టుకుంటాయి. మీ ఊరి పేరును పెద్దవాళ్ళు ఎలా పలుకుతారో ఒకసారి చెవి పెట్టి వినండి. కాగితం మీద ఉన్నట్టు కాకుండా, వినబడినట్టే తెలుగులో రాసి, అతుకు ఎక్కడుందో గీత పెట్టి దాచండి. పొలాల పేర్లూ, కుంటల పేర్లూ కూడా అలాగే రాయండి. ఊళ్ళ పేర్లకు రికార్డులైనా ఉన్నాయి, వాటికి అవి కూడా లేవు.